నీళ్ళు లేని తలకోన

ఆ వేసవిలో మా అబ్బాయి పడుకునే ముందు చేసే ప్రార్థనలోకి తలకోన వచ్చి చేరింది. వాడికి అప్పుడు ఏడేళ్ళు. మా ఆడపడుచు ఫోనులో పంపిన వీడియో ఒకటి చూశాడు. వానల కాలంలో తీసింది. కొండ అంచు నుంచి తెల్లటి నీళ్ళు విరుచుకుపడుతుంటే, కింద నిలబడ్డ మనుషుల కేకలు కూడా వినబడవు. సెలవుల్లో అక్కడికి తీసుకుపోతామని మాట ఇచ్చిన రోజు నుంచి వాడి ప్రార్థన పొడుగైంది. నాయనను, చెల్లెలిని, ఎదురింటి కుక్కను కాపాడమని అడిగాక, చివర్లో "ప్రభువా, మేం పోయే పొద్దుకు తలకోనలో నీళ్ళు వదులు" అనేవాడు.

చిత్తూరులో పుట్టిన పిల్లలకు నీళ్ళంటే ఎవరో ఒకరు వదిలేవే. మా వీధికి కొళాయి తిప్పే అతను సైకిలు మీద వస్తే పెద్దవాళ్ళ కంటే ముందు పిల్లలే చూసి, బిందెలు తెమ్మని అరుస్తారు. దేవుడు కూడా అలాంటి మనిషేననీ, ఆయన తిప్పే కొళాయి ఇంకాస్త పెద్దదనీ వాడి లెక్క.

మా సంఘంలో ఆదివారపు బడి నడిపేది నేనే. చిన్నప్పటి నుంచి వాక్యం కంఠతా పట్టి, సంఘం మధ్యనే పెరిగాను. అడిగితే దేవుడు వింటాడని పిల్లలకు చెప్పేటప్పుడు నాకెప్పుడూ గొంతు తడబడలేదు. కానీ మే నెలలో తలకోన సన్నబడుతుందని మా వైపు అందరికీ తెలుసు. పైగా ఆ ఏడు వానలు సరిగా పడలేదు. నీళ్ళు లేకపోతే వాడు ఏడుస్తాడని కాదు నా భయం. ఏడ్చినా రెండు రోజుల్లో మరిచిపోతాడు. అప్పటి నుంచి వాడు నా కోసం కళ్ళు మూసుకుని, లోపల ఎవరితోనూ మాట్లాడకుండా ఊరికే పెదవులు కదిలిస్తాడేమోనని భయం.

ప్రయాణానికి ముందు రోజు, తిరుపతి జూకు పోదామా అని మా ఆయనను అడిగాను. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. చర్చిలో వెనక వరసలో కూర్చుంటాడు, గట్టిగా పాడడు, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే తల వంచుకుంటాడు.

"తలకోన అని చెప్పి వానికి పులిని సూపిస్తావా?" అన్నాడు. "పోదాం పామే. ఉండేది సూస్తాడు, లేకపోతే లేనిది సూస్తాడు."

పొద్దున్నే ప్రార్థన చేసుకుని బయలుదేరాం. రెండు బస్సులు మారి భాకరాపేట చేరి, అక్కడ ఆటో మాట్లాడుకున్నాం. అడవి మొదలయ్యే గేటు దగ్గర దోసకాయలు కోసి ఉప్పూ కారం అద్ది ఇస్తున్న ఒక పెద్దామెను, నీళ్ళు ఉన్నాయా అని నేను మెల్లగా అడిగాను. ఆమె మాత్రం మెల్లగా చెప్పలేదు.

"ఇప్పుడు నీళ్ళు యాడుండాయి మా? రాతికి చెమట పట్టినట్టు ఉండాది, అంతే. దోసకాయ తినిపోండి, ఈ అడవికంతా ఈడుండేవే నీళ్ళు."

మా అబ్బాయి విన్నాడు. ప్రార్థనకు దేవుడు మూడు రకాలుగా జవాబిస్తాడని నేను బడిలో చెప్పే పాఠం ఒకటుంది. ఒకటి అవును, ఒకటి కాదు, ఒకటి ఆగు. వాడు నా కొంగు పట్టుకుని లాగాడు.

"మా, ఇప్పుడు దేవుడు కాదన్నాడా, ఆగమన్నాడా?"

"ముందు దోసకాయ తిను నాయనా, పైకి పోయినాక అడుగుదాం," అని వాళ్ళ నాన్నే వాడి చేతిలో ముక్క పెట్టాడు.

కొండ కిందున్న గుడి దాటి రాళ్ళ దారిలో ఎక్కుతుంటే ఎదురొచ్చిన కుర్రాళ్ళు, అక్కడ ఏమీ లేదనీ, ఊరికే కాళ్ళ నొప్పులనీ చెప్పి దిగిపోయారు. నాలుగేళ్ళ కూతురు నా చంకలో ఉంది. నేను మనసులో మాటలు సర్దుకుంటూ నడిచాను. ఆగడం గురించి, బైబిల్లో ఎండిపోయిన వాగు గురించి, ఆకలేసినా దేవుణ్ణి వదలని మనుషుల గురించి వాడికి ఏమేం చెప్పాలో అన్నీ ఒక వరసలో పెట్టుకున్నాను.

చెట్లు తప్పుకోగానే రాయి కనబడింది. వీడియోలో నీళ్ళ వెనక దాక్కున్న రాయి ఇది. ఎర్రగా, పొరలు పొరలుగా, మెడ నొప్పి పుట్టేదాకా తల ఎత్తినా ముగియకుండా, మా మీదికి వంగి ఉంది. దాని సందుల్లో తేనెపట్లు వేలాడుతున్నాయి. అంచు మీది చెట్లు కొత్తిమీర కట్టంత కనబడుతున్నాయి. ధార లేదు. కింద మడుగు మోకాళ్ళ లోతు కూడా లేదు, దాని అంచున కోతులు వంగి తాగుతున్నాయి.

మా అబ్బాయి తల ఎత్తి అంచు దాకా చూశాడు. తర్వాత చెప్పులు విడిచి, మడుగు పక్కనున్న బండ మీద వెల్లకిలా పడుకున్నాడు. అలిగాడనుకున్నాను. పక్కన కూర్చుని, సర్దుకున్న మాటల్లో మొదటిది ఎత్తుకున్నాను.

"ఉండు మా," అన్నాడు, నా వైపు చూడకుండా. "ఒకటి వస్తా ఉండాది."

ఏం వస్తోందో నాకు కనబడలేదు. నన్నూ పడుకోమన్నాడు. పడుకున్నాను. ఆకాశం, వెలుతురుకు నల్లగా కనబడే రాతి అంచు, ఆ అంచున ఏమీ లేదు. కాసేపటికి ఎక్కడో సగం ఎత్తులో సూది మొనంత మెరుపు ఒకటి పుట్టింది. అది ఒక్క చుక్క. పడుతోంది, ఇంకా పడుతోంది. గాలి తగిలి పక్కకు జరిగింది, ఎండలోకి వచ్చి రంగులు తిరిగింది, పెద్దదై పెద్దదై సరిగ్గా నా మొహం మీదికే వస్తోందనిపించి ఊపిరి బిగబట్టాను. మడుగులో టప్పుమంది. ఆ చప్పుడు కొండంతా వినబడింది. దాని వెనక ఇంకొకటి. కొన్ని కిందికి చేరకుండానే గాలిలో కలిసిపోయాయి. ఒకటి నా నుదుటి మీద పడింది, చల్లగా, బరువుగా.

వానల కాలంలో వచ్చిన వాళ్ళెవరూ ఇలా అడుగున పడుకుని పైకి చూసి ఉండరు. అంత ధార కింద కళ్ళు తెరవడమే కుదరదు. దేవుని మహిమ అనే మాటను సంఘంలో ఎన్నోసార్లు పలికాను, పిల్లల చేత పలికించాను. ఆ బండ మీద నాకు ఒక్క మాటా రాలేదు. అంత పెద్ద కొండ, అంత చిన్న చుక్క. రెంటినీ చేసినవాడు అక్కడే ఉన్నాడనిపించి ఒళ్ళు జలదరించింది. నేను వరసగా పెట్టుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు, వెతకలేదు కూడా. మా ఆయన కూతుర్ని గుండెల మీద పడుకోబెట్టుకుని మా పక్కనే చేరాడు. చుక్క మీద పడ్డప్పుడల్లా అది కిలకిలా నవ్వింది.

ఎక్కడికి పోయినా, తిరిగి బయలుదేరే ముందు నేను గట్టిగా ప్రార్థన చేయడం మా ఇంట్లో అలవాటు. లేచి కూర్చుని కళ్ళు మూసుకున్నాను. మొదలుపెట్టలేకపోయాను. నేను ఆగిపోయానని గమనించి మా అబ్బాయే అందుకున్నాడు.

"ప్రభువా, శానా కొంచెమే ఇచ్చినావు. అయినా బలే ఉండాది. మాకు సరే. ఆ కోతులకు సాలవు, వాటికి ఇంకొంచెం పంపీ."

ఇంట్లో కంటే గట్టిగా చెప్పాడు, ఎదురుగా ఉన్న మనిషికి చెప్పినట్టు. ఆమెన్ అన్నది ముందు వాళ్ళ నాన్న. నేను కళ్ళు తెరిచేసరికి వాడు మళ్ళీ పడుకుని పైకి చూస్తున్నాడు. బస్సు పోతుందని ఎవరూ అనలేదు.