గంగారాం తాత ఏరిన అడవి కత్తి

గంగారాం తాత జన్మలో అడవికి వెళ్లలేదు. కానీ సూరత్‌లో, డిండోలి దగ్గరి మరమగ్గాల షెడ్డులో పనిచేసే మన తెలుగువాళ్లందరికీ ఆయన అడవి మనిషే. కుర్రతనంలో చెన్నూరు అడవుల్లో కట్టె కొట్టి బతికానని, ఎదురొచ్చిన ఎలుగుబంటిని ఒంటిచేత్తో మళ్లగొట్టానని ఏళ్ల తరబడి చెప్పుకొచ్చాడు. మొదట్లో ఎలుగుబంటి ఒకటే ఉండేది. పెళ్లిళ్లలో, చాయ్ బండ్ల దగ్గర చెప్పగా చెప్పగా దానికి పిల్లలు కూడా పుట్టాయి. నిజానికి ఆయన కోరుట్లలో నేతవాళ్ల ఇంట్లో పుట్టి, అక్కడి మగ్గం ముందు నుంచి లేచి వచ్చి ఇక్కడి మగ్గం ముందు నిలబడ్డాడు. మధ్యలో చూసిన చెట్లన్నీ రైలు కిటికీలోంచి చూసినవే.

కరోనా వచ్చిన ఏడాది, మగ్గాలు ఆగిపోయి నెల దాటాక, ఆ ఎలుగుబంటే తాతకు దిక్కయింది. షెడ్డుకు దగ్గర్లోనే, నవాగామ్‌లో ఆయనతో ఒకే గదిలో ఉండే పరుశురాం, రఘుపతి నడిచి ఊరికి పోదామనుకున్నారు. రైళ్లు లేవు. పెద్ద రోడ్డు ఎక్కితే పోలీసులు వెనక్కి తరుముతున్నారు. కాబట్టి సోన్‌గఢ్ దాటి అడవుల్లోంచి పోవాలి. ఊళ్లలోకి ఎవరూ రానివ్వరు, అడవిలోనే పడుకోవాలి, కట్టె కొట్టుకోవాలి, వండుకోవాలి. అక్కడ చిరుతలున్నాయని కూడా విన్నారు. అరవై దాటిన మనిషిని, అదీ మగ్గం ముందు నిలబడి నిలబడి పిక్కల మీద నరాలు తాళ్లలా ముడిపడిన మనిషిని, ఎవరు వెంటబెట్టుకుపోతారు? అడవి తెలిసినవాడైతే తీసుకుపోతారు. ఆ సంగతి తాతకు బాగా తెలుసు. వాళ్లిద్దరూ వెళ్లిపోతే ఆ గదిలో ఆయనొక్కడే.

పరుశురాం తలా ఒక పని పంచాడు. పిండి తాను తెస్తానన్నాడు, మందులు రఘుపతికి చెప్పాడు. పెద్ద కత్తి ఏరి తెచ్చే పని తాతకిచ్చాడు.

"అడవి ముచ్చట నీకే ఎరుక గద మామా," అన్నాడు.

తాత ఛాతీ విరుచుకుని గది దాటాడు. వాళ్లకు కనబడనంత దూరం పోయాక ఛాతీ దాని చోటికి అది వచ్చేసింది.

డిండోలి రోడ్డు పక్కన, రాజస్థాన్ నుంచి వచ్చి బండ్ల మీదే కాపురముండే కమ్మరివాళ్లున్నారు. వాళ్లలో మంగీబాయి అనే ఆమె పోలీసు జీపు కనబడనప్పుడు కొలిమి రాజేసేది. ఆమె గోనె మీద కత్తులు పరిచింది. మడత చాకు అడవికి పనికిరాదని, దెబ్బ వేస్తే మడత దగ్గరే విరుగుతుందని తనే చెప్పి పక్కన పెట్టింది. మడవని పెద్ద కత్తులకు తాత తనకు తెలిసిన పరీక్ష పెట్టాడు. జేబులోంచి పాలిస్టర్ దారం తీసి, వేళ్ల మధ్య వేలాడదీసి, ఒక్కో కత్తి వాదరకు తాకించాడు. తెగిన పోగుల కొసలు కోసే కత్తెరను మగ్గం దగ్గర అలాగే చూస్తారు. తగలగానే తెగితే మంచిది, దారం పీచు లేస్తే పనికిరాదు. లావు కత్తులన్నీ ఆ పరీక్షలో తప్పాయి. పల్చగా, అద్దంలా మెరిసేది ఒకటి మాత్రం ముట్టీ ముట్టకముందే దారం కోసేసింది. అది కూరగాయలకు పనికొస్తుందని మంగీబాయి మొత్తుకుంది. అడవి మనిషికే చెబుతావా అన్నట్టు చూసి తాత అదే తెచ్చాడు.

గది వెనక ఎండిన తుమ్మ కొమ్మ మీద రఘుపతి దాన్ని వేసి చూశాడు. వాదర కాస్తా పళ్లూడిన నోరైంది. ఇంకాస్త గట్టిగా వేస్తే పిడి చేతిలో మిగిలింది, కత్తి పోయి మురికి కాలువలో పడింది.

"మామా, గా ఎలుగుబంటిని గిసొంటి కత్తితోని కొట్టినవా, లేకుంటే దానికి గడ్డం గీసినవా?" అన్నాడు రఘుపతి.

పరుశురాం నవ్వలేదు. తాతకు అదే ఎక్కువ గుచ్చుకుంది. ఆ సాయంత్రం వాళ్లిద్దరూ ఓ మూలకు జరిగి మెల్లగా ఏదో మాట్లాడుకున్నారు. ముగ్గురున్న గదిలోనే తాత ఒంటరివాడయ్యాడు.

మర్నాడు మళ్లీ మంగీబాయి దగ్గరికి వెళ్లాడు. వచ్చీరాని హిందీలో, తానెప్పుడూ అడవి చూడలేదని చెప్పేశాడు. సొంతవాళ్లెవరికీ చెప్పని మాట పరాయి మనిషికి చెప్పడం ఎందుకో తేలికైంది. తానూ చూడలేదంది ఆమె. ఇనుము సంగతి మాత్రం తెలుసని, ఒక మొద్దు ముందుకు తోసి, కొట్టి చూసుకోమంది.

మరమగ్గాల హోరుకు తాత చెవులు ఎప్పుడో సగం పోయాయి. షెడ్డులో పాతవాళ్లు మగ్గం మీద అరచెయ్యి ఆనించి దాన్ని వింటారు. ఎక్కడ బోల్టు వదులైందో, ఏ కర్ర విరగబోతోందో చేతికే తెలిసిపోతుంది. తాత ఒక్కో కత్తితో మొద్దు మీద వేసి, దెబ్బ చేతిలోకి ఎలా తిరిగి వస్తుందో చూశాడు. ఒకటి జివ్వున మోచేతిదాకా పాకింది. పిడి లోపల ఇనుము పొట్టిదన్నమాట. ఇంకొకటి దెబ్బ పడ్డాక కూడా లోపల గిలగిలలాడింది. దాని పిడి వదులు. లారీ కమాను పట్టాతో చేసిన మూరెడు కత్తి మాత్రం మొద్దులోకి దిగి నిమ్మళంగా ఊరుకుంది. వీపు మందం, బరువంతా మొన వైపు, పిడి చివరిదాకా ఇనుము ఒకటే ముక్క. నచ్చాక కూడా తాత కొడుతూనే ఉన్నాడు. ఎన్నాళ్లకో చేతికి పని దొరికింది. చివరికి మొద్దు మిగల్చమని మంగీబాయే బతిమాలుకుంది.

తుమ్మ కొమ్మ ఈసారి తెగి పడింది. రఘుపతి కత్తిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తాత సంచి సర్దడం మొదలుపెట్టాడు. లుంగీ, తువ్వాల, మోకాళ్ల నూనె. పరుశురాం గడపలో నిలబడి చూశాడు.

"కత్తి మంచిగున్నది మామా."

"ఏరింది ఎవలు మరి?"

"నువ్వు అడవి సూడలేదని మాకు ఎప్పటిసందో ఎరుకే." పరుశురాం నేల చూస్తూ చెప్పాడు. "నీ కాళ్లతోని గంత దూరం కాదు. గా మాట నీ మొహం మీద ఎట్ల చెప్పాలె? మంచి కత్తి దొరకకుంటె నువ్వే ఆగుతవనుకున్నం. ఇగ తెచ్చినవ్. వస్తనంటె తోల్కపోతం."

తాత నూనె సీసా మూత బిగించాడు. వస్తానంటే తీసుకుపోతారు, అందులో అబద్ధం లేదు. అడవి మధ్యలో తాను కూలబడితే పక్కనే కూర్చుంటారు కూడా. వదిలిపోయే మనుషులు కారు. తాతకు భయమేసింది అందుకే.

"నేను అడవి మస్తు సూసిన," అన్నాడు. "ఈసారి మీరు సూసి రాండ్రి."

రఘుపతి మొహం తిప్పుకున్నాడు.

తాత కత్తికి గోనెగుడ్డ చుట్టి గడప అవతల నేల మీద పెట్టాడు. మన వైపు కత్తిని చేతిలోంచి చేతిలోకి ఇవ్వరు, ఇస్తే ఇద్దరికీ పడదంటారు. కింద పెడితే అవతలివాళ్లు తీసుకోవాలి. కరోనా వచ్చాక బియ్యం, పాలు కూడా అలాగే కింద పెట్టి పోతున్నారు. పరుశురాం వంగి తీసుకున్నాడు. ఒకరి చెయ్యి ఒకరికి తగల్లేదు. ఇద్దరూ సంచులు భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం తాత కోరుట్లకు ఫోను చేస్తే మనవరాలు హారతి ఎత్తింది. ఏం తిన్నావని అడిగాడు. పప్పు, చింతకాయ తొక్కు అని చెప్పింది.

"ఇంకేం సంగతి?" అన్నాడు.

బడి తెరవలేదని, అమ్మ తిట్టిందని చెప్పింది.

"ఇంకేం?"

పక్కింటి మేక ఈనిందని చెప్పింది.

"ఇంకేం బిడ్డా?"

హారతి దగ్గర నిజాలు అయిపోయాయి. మేకకు ఐదు పిల్లలని, అందులో ఒకటి మిద్దె ఎక్కి దిగనంటోందని మొదలుపెట్టింది. తాత ఆ పిల్ల రంగేమిటని అడిగాడు.