బాపమ్మ ఒడిలో మజ్జిగ ముంత

నాకొచ్చిన సంబంధం బస్సు డ్రైవర్‌ది. మాట పూర్తికాకముందే బాపు వద్దన్నాడు. అంతకు మూడేళ్ల ముందు, వేగంగా పోతున్న బస్సు బోల్తాపడి మా చిన్నబాపు, అంటే నాన్న తమ్ముడు, చనిపోయాడు. అప్పటినుంచి బాపు బస్సెక్కలేదు. కరీంనగర్ కచేరీలో పనున్నా ఎడ్లబండి కట్టించుకునే పోయేవాడు. డ్రైవర్లంతా ఒక్కటేనని, స్టీరింగ్ చేతికొస్తే వాళ్ల కళ్లు నెత్తికెక్కుతాయని ఆయన మాట.

నాకేమో ఆ అబ్బాయి నచ్చాడు. ఒకసారి జమ్మికుంట పోతూ చూశాను, ముసలివాళ్లు కూర్చునేదాకా బస్సు కదిలించలేదు. ఆ సంగతి బాపుతో చెప్పే ధైర్యం నాకెక్కడిది? బాపు తల్లి, మా బాపమ్మ దగ్గర ఏడ్చాను. పోయినవాడు ఆమె కన్నకొడుకు. ఆమెను అడగకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

బాపమ్మ కొంగుతో నా కళ్లు తుడిచింది. "ఐదు వేళ్లు ఒక్కతీరుగ ఉంటయా బిడ్డా? నేను జూసొస్త," అంది.

మర్నాడు ముంతలో అంచుదాకా మజ్జిగ పోసుకుని, తానెవరో చెప్పకుండా అతని బస్సెక్కింది. జమ్మికుంట చేరేసరికి ముంతలో ఎంత మిగిలితే అతను అంత మంచివాడట. మొండిఘటం, చెబితే వినే రకమా!

సాయంత్రం తిరిగొచ్చేసరికి ముంత ఖాళీ, చీరంతా మజ్జిగ మరకలు. బాపు నావైపు చూసి, నేను చెప్పలేదా అన్నట్టు తలూపాడు.

బాపమ్మ తాపీగా గడప మీద కూర్చుని చెప్పింది. సగం దారిదాకా చుక్క తొణకలేదట. వాగు దగ్గర లేగదూడ ఒకటి అడ్డం ఉరికితే అతను బస్సు ఆపాడట, ఆ కుదుపుకే ముంత ఒళ్లో బోర్లాపడిందట. అతను దిగి దూడను పక్కకు తోలి, వచ్చి ఆమెకు తన తువ్వాల ఇచ్చాడట.

"మెల్లగ వస్తుండు గన్కనే బండి ఆగింది. సల్ల పోయింది, దూడ దక్కింది," అంది బాపును చూస్తూ. "గిసొంటోని బండెక్కితే నా చిన్నోడు ఇంటికొస్తుండె."

బాపు సంబంధానికి ఒప్పుకున్నాడు. ఆ నెలలోనే నా పెళ్లయింది.

కొన్నాళ్లకు బాపు నన్ను చూడటానికి మా అత్తగారి ఊరు జమ్మికుంట వచ్చాడు. వాకిట్లో ఎడ్లబండి లేదు. నీళ్లిస్తూ చూస్తే, ముందు సీటు కడ్డీని గట్టిగా పట్టుకుని వచ్చినందుకు అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. పొద్దున బయల్దేరినవాడు ఇంత ఆలస్యంగా వచ్చాడేమని అడిగాను.

"రెండు బస్సులు ఇడిసిపెట్టిన బిడ్డా," అన్నాడు. "అల్లుని బస్సు వచ్చేదాక నిలబడ్డ."