పళ్లెం నిండా గరిజెలు

ఎనభైల చివర్లో జగిత్యాలలో సరళాదేవి ఇంట్లో టీవీకి నవ్వుల సీరియల్ తీస్తున్నారంటే ఊరంతా సంబరపడింది, వంటమనిషి బుచ్చవ్వ తప్ప. ఆమె చూపంతా గేటు మీదే. రెండేళ్లుగా దుబాయిలో ఉన్న భర్త కొండల్‌కు కొబ్బరి, బెల్లం కూరిన గరిజెలు చేసి డబ్బాలో పెట్టింది. సాయంత్రం పక్కింటి హనుమండ్లు బొంబాయి బస్సెక్కి, అక్కణ్నుంచి దుబాయి పోతున్నాడు. పోతూ ఆ డబ్బా తీసుకుపోతానన్నాడు. ఇంటి తిండి పంపడానికి మనిషి దొరకడం అదే మొదలు.

ఆ రోజు తీసేది తిండిపోతు అల్లుడి సీను. హోటల్ నుంచి తెప్పించిన మిఠాయికి చీమలు పట్టాయి. సరళాదేవి వంటింట్లోకి వచ్చి డబ్బా మూత తీసింది.

"గివి ఇయ్యవే బుచ్చవ్వా. మళ్ల చేసుకుందువు గాని."

"హనుమండ్లు గీ మాపటికే పోతుండు దొరసానీ..."

"ఒక్క పళ్లెమేనే!"

ఒక్క పళ్లెమేనట! నవ్వించే వాళ్ల పని ఇంత ఏడిపిస్తుందని బుచ్చవ్వకేం తెలుసు? చప్పుడు వినపడుతుందని ఫ్యాన్లు ఆపేశారు. అల్లుడి వేషగాడు నములుతూ మాట మరిచిపోతే మళ్లీ మొదటికి. బయట కుక్క మొరిగితే మళ్లీ మొదటికి. మొదటికి వచ్చినప్పుడల్లా పళ్లెం నిండుగా కనిపించాలి, కొరికినవి తీసేసి కొత్తవి పెట్టాలి. బుచ్చవ్వకు కాలు నిలవలేదు. గేటు దాకా పోయేది, వచ్చి డబ్బాలోకి చూసేది. అడుగు కనిపిస్తోంది.

ఇంతలో హనుమండ్లు రానే వచ్చాడు. లోపల కెమెరా తిరుగుతోంది. అల్లుడు ఇంకో గరిజె అందుకుంటున్నాడు.

బుచ్చవ్వకు ఒళ్లు మండింది. కొంగు నడుముకు చెక్కి లైట్ల మధ్యకు దూసుకుపోయింది.

"చాలు తియ్! అది కడుపా చెరువా? మా ఇంటాయనకు జర ఉంచవా?"

పళ్లెం లాక్కుని బయటికి ఉరికింది. అల్లుడు నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. డైరెక్టర్ నవ్వు ఆపుకోలేక 'కట్' చెప్పడమే మరిచాడు. తర్వాత ఆ ముక్కతోనే ఆ వారం కథ ముగించాడు.

పళ్లెంలో ఉన్నవే డబ్బాలో సర్ది పంపింది. డబ్బా సగమైనా నిండలేదన్న బాధతో చాలా రోజులు ఆమెకు ముద్ద దిగలేదు. కొండల్ సెలవు మీద వచ్చినప్పుడు కాళ్లకు నీళ్లిస్తూనే అడిగింది.

"గరిజెలు జరన్నే పంపిన. సరిపోయినయా?"

"రూములందరం తలా ఒకటి తిన్నం, ఒడిసినయ్. గా సీరియల్ క్యాసెట్ ఎవలో తెచ్చిండ్రు. నువ్వు 'మా ఇంటాయనకు' అన్న కాడికి మళ్ల మళ్ల తిప్పుకొని చూసిన. ఆఖరికి టేపే అరిగిపోయింది."