నాన్న వేళ్ల మీది సర్కాసియన్లు

ఈ రోజు చుట్టాల ముందు నాన్న మాటను మధ్యలోనే తుంచేశాను. "ఆ సర్కాసియన్ల గోల మనకేటి నాన్నా, చాల్లే!" అన్నాను. ఆయన మడిచిన వేళ్లు విప్పేశారు.

భిలాయి ఉక్కు ప్లాంటులో నాన్నకు పని నేర్పిన రష్యా ఇంజనీరు కాకసస్ కొండల సర్కాసియన్ జాతివాడు. పాత యుద్ధంలో ఊళ్లు పోయి దేశదేశాలకు చెదిరిన తన జాతి గొప్పవాళ్లను భోజనాల వేళ వేళ్ల మీద లెక్కపెట్టేవాడట. శ్రీకాకుళం మీద బెంగ పెట్టుకున్న నాన్నకు అతని బెంగ అర్థమైంది. అతను వెళ్లిపోయాక నాన్నకు మిగిలింది ఆ లెక్కే. అది తెలిసీ అన్నాను.

సాయంత్రం టీ పట్టుకెళ్లి పక్కన కూర్చున్నాను. చిటికెన వేలు మడిచాను. "ఈజిప్టును ఏలిన సుల్తానులు. తర్వాతెవరు నాన్నా?"

"మరిసిపోనావేటి?" అంటూ నా రెండో వేలు ఆయనే మడిచారు. "జోర్డాన్ రాజుకి కాపలా కాసినోళ్లు."