గంధపు మాల వేసిన నా ఫోటో

నేను హైదరాబాదులో నటుడిని. ఎవరైనా "ఏ సినిమాలో చేశారు?" అని అడిగితే మాత్రం మాట మార్చేస్తాను. పంచాయతీ సీనులో వెనక వరుసలో నిలబడి తలూపే పెద్దమనిషిని నేనే. హీరోకు సెల్యూట్ కొట్టి జీపు తలుపు తీసే కానిస్టేబుల్‌నీ నేనే. ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చి, కళ్ళజోడు తీసి "సారీ" అనే డాక్టర్ వేషం కూడా ఒకటి వేశాను. ఆ ముక్క కూడా డబ్బింగులో వేరెవరితోనో చెప్పించారు. ఇవన్నీ చెప్పుకుని మురిసిపొమ్మంటారా?

పెనుకొండలో నాటకాలాడే రోజుల్లో నా సంగతి వేరు. మంత్రి వేషం కట్టి పద్యం ఎత్తుకుంటే జనం వన్స్‌మోర్ అనేవాళ్ళు. మా అమ్మ ధర్మవరం నుంచి రైల్లో వచ్చి, ముందు వరుసలో చాప మీద కూర్చునేది. ఆ వన్స్‌మోర్లు తలకెక్కి హైదరాబాదు బస్సెక్కాను. నేనిక్కడ ఏం వెలగబెడుతున్నానో తెలియదు కాబట్టి, మా అమ్మకు నేనింకా ఆ మంత్రినే.

కిందటేడు ఒక సీరియల్ మేనేజర్ ఫోన్ చేశాడు. "హీరోయిన్ తండ్రి క్యారెక్టర్ సార్. కథంతా మీ చుట్టూనే తిరుగుతుంది" అన్నాడు. వెళ్ళాను. పట్టు లాల్చీ తొడిగించి, ఒక చిన్నపిల్ల చెయ్యి పట్టించి పొలం గట్టు మీద కాసేపు నడిపించారు. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీశారు. "కొంచెం నవ్వండి సార్, పళ్ళు కనపడకూడదు" అన్నాడు ఫోటోగ్రాఫర్. ఇన్నేళ్ళు ఈ ఫీల్డులో ఉండి ఆ మాటకైనా నాకు వెలగొద్దూ? వెలగలేదు. తండ్రి వేషమొచ్చిందన్న సంబరం అలాంటిది.

సీరియల్ మొదలయ్యే రోజుకు ధర్మవరం పోయాను. అమ్మ అప్పటికే వీధంతా చాటింపు వేసేసింది. సాయంత్రమయ్యేసరికి మగ్గాలు ఆపేసి ఆడవాళ్ళంతా మా ఇంట్లో చేరారు. నన్ను టీవీ ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, అమ్మ నా పక్కనే నేల మీద కూర్చుంది.

"ఏమవ్వా, ఇంగ వస్తాడా?" అని ఎవరో అడిగారు.

"ఉండండమ్మా, వస్తాడు. నాయన లేకుండా కథ యాడుంటాది?" అంది అమ్మ.

వచ్చాను. హీరోయిన్ తలస్నానం చేసి, దీపం పట్టుకుని నడిచివచ్చి ఒక ఫోటో ముందు నిలబడింది. కెమెరా మెల్లగా ఆ ఫోటో మీదికి పోయింది. పళ్ళు కనపడకుండా నవ్వుతూ నేను. మెడలో గంధపు మాల, నుదుట కుంకుమ, ముందర అగరొత్తులు. "నాన్నా, నువ్వే ఉండుంటే నాకీ గతి పట్టేదా" అని ఆ పిల్ల భోరుమంది. ఉరుము ఉరిమిన ప్రతిసారీ నా మొహం ఇంకా దగ్గరికొచ్చింది. టీవీకి సరిగ్గా పైన, గోడకు మా నాయన ఫోటో ఉంది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. దానికీ గంధపు మాలే. పైన ఆయన, కింద నేను.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "ముందు ముందు బతికొస్తాడేమోలే అవ్వా" అని ఒకామె సర్దిచెప్పబోయింది. పాలు పొంగుతాయని ఒకరు, పిల్లలు ఏడుస్తున్నారని ఒకరు, మెల్లగా అందరూ జారుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

అమ్మ వంటింట్లోకి పోయి ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పెట్లో పట్టుకొచ్చింది. నెత్తి నెరిసిన నన్ను నిలబెట్టి దిష్టి తీసి పొయ్యిలో వేసింది.

"బతికుండే మనిషికి మాలేస్తారా నాయనా యాడన్నా? నువ్వెట్ల ఒప్పుకున్నావు?"

"నాకు చెప్పలేదుమా."

అది నిజమే. కానీ చెప్పాల్సినంత మనిషిననుకుంటే చెప్పేవాళ్ళు. ఆమె ఆ మాట అనలేదు. నాకే తోచింది.

మర్నాడు పొద్దున్నే మేనేజర్‌కు ఫోన్ చేసి, మా అమ్మ బాధపడుతోంది, ఆ మాలొక్కటి తీసేయించండని బతిమాలాను. అతను చాలా మర్యాదగానే నవ్వాడు. "మాల తీస్తే మీరు బతికున్నట్టు అయిపోతుంది కదా సార్. బతికుంటే రోజూ షూటింగుకు పిలవాలి" అన్నాడు. సరేనన్నాను. ఇంకేమనాలి?

ఆ సీరియల్ అందరికీ నచ్చింది, నా ఖర్మ. హీరోయిన్‌కు ఏ కష్టమొచ్చినా నా దగ్గరికే వచ్చి ఏడుస్తుంది. పొలం గట్టు మీద నడిచింది ఇంతవరకూ వెయ్యలేదు. నా భార్య సరిగ్గా సీరియల్ వేళకు వంటింట్లో పని పెట్టుకుంటుంది. హిందూపురంలో చుట్టాల పెళ్ళికి అమ్మను తీసుకుని పోతే, పంక్తిలో వడ్డించే ఆయన నన్ను చూసి సాంబారు గరిట పట్టుకుని అట్లే నిలబడిపోయాడు. "నువ్వు సచ్చిపోయినోడివి కదప్పా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఫోన్లు తీశారు. అమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"సచ్చిపోయింది వేషంలో. మనిషి ఈడే ఉండాడు, ఆకలితో ఉండాడు. సాంబారు పోయప్పా" అంది.

తల వంచుకుని తిన్నాను. ఏం తిన్నానో తెలియదు.

అప్పటి నుంచి అమ్మ రోజూ సీరియల్ అయిపోగానే ఫోన్ చేస్తుంది. సీరియల్ మాటెత్తదు. "ఏం చేస్తాండావు? తిన్నావా?" అంతే, పెట్టేస్తుంది. మొదట్లో ఊరికే అనుకున్నాను. తర్వాత అర్థమైంది. మాల వేసిన మొహం చూశాక నా గొంతు వింటేగానీ ఆమెకు ముద్ద దిగదు.

మొన్న ఒక సినిమా షూటింగులో ఉండగా ఆ వేళ దాటిపోయింది. ఫోన్ సంచిలో పెట్టి వచ్చాను. బ్రేకివ్వగానే పరిగెత్తి చూస్తే, అన్నీ అమ్మ ఫోన్లే. వెంటనే చేశాను.

"ఉండావా నాయనా?" అంది.

"ఉండానుమా. షూటింగులో ఉండా."

"అట్లనా. ఏం వేషమప్పా?"

నా వేషం శవం. పొద్దుటి నుంచి పాడె మీద పడుకుని ఉన్నాను.

"డాక్టర్‌మా" అన్నాను.

అమ్మ గొంతు తగ్గించి అంది: "ఎప్పుడొస్తాదో చెప్పు నాయనా. ఈసారి ఈదిలో ఎవురికీ చెప్పన్లే. తలుపేసుకుని నేనొక్కదాన్నే చూస్తా."

"చెప్తానుమా" అన్నాను. నన్ను చూసి గర్వపడటానికి కూడా తలుపేసుకోవాల్సిన గతి ఆమెకు పట్టించాను.

"ఏం నాయనా, గొంతు అట్లుండాది? పడిశం పట్టిందా?" అంది అమ్మ.

మేకప్పాయన ముక్కుల్లో కుక్కిన దూది నేనింకా తియ్యలేదు.

"అవునుమా, పడిశమే" అన్నాను.

"మిరియాల కషాయం తాగి పండుకో" అని ఫోన్ పెట్టేసింది.