పెన్‌డ్రైవ్‌లో మేనత్త ఫోటో

ఆఫీసులో కంప్యూటర్లన్నీ మా అమ్మాయి చేతిలోనే ఉంటాయని మా నాన్న మా దీవిలో, మేముండే ఫీనిక్స్ బేలో కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఆ గాలి కొట్టింది నేనే.

నిజానికి నా చేతిలో ఉన్నది కీబోర్డు ఒక్కటే. మా ఆఫీసు కంప్యూటర్లు లినక్స్‌తో నడుస్తాయి. పెన్‌డ్రైవ్ గుచ్చగానే తెరుచుకోదు, దాన్ని సిస్టమ్‌కి తగిలించాలి. అదే మౌంట్ చేయడం. పనయ్యాక అన్‌మౌంట్ చేసి తీయాలి, లేకపోతే లోపలివి పాడైపోవచ్చు. రెండిటికీ అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. మాలాంటి మామూలు యూజర్లకి ఆ అనుమతి లేదు. రోజూ కంప్యూటర్లు చూసుకునే అడ్మిన్ సీటు దగ్గరికెళ్లి చేతులు కట్టుకుని నిలబడేదాన్ని. ఈ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

ఇంకో దీవిలో, హట్‌బేలో మా మేనత్త పోయింది. పెద్దకర్మకి ఫోటో పెట్టాలి. అక్కడి నెట్‌లో ఫోటో కదల్లేదు. మా బావ దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి, ప్లాస్టిక్ కవరులో చుట్టి, బోటు సిబ్బంది చేతికిచ్చాడు. దీవుల్లో మేం అలాగే పంపుకుంటాం. సాయంత్రం బోటుకే నాన్నా చిన్నాన్నా ప్రింటు పట్టుకుని బయల్దేరాలి. అబర్డీన్ బజార్‌లో ఫోటో షాపులు బోలెడున్నాయి. నాన్న వాటన్నిటినీ దాటుకుని, చిన్నాన్నని వెంటబెట్టుకుని, నేరుగా నా దగ్గరికొచ్చాడు.

పెన్‌డ్రైవ్ గుచ్చాను. పాస్‌వర్డ్ అడిగింది. అడ్మిన్ టీకి వెళ్లాడు. చిన్నాన్న కళ్లార్పకుండా స్క్రీన్‌కేసి చూస్తున్నాడు. తీసి మళ్లీ గుచ్చాను. చున్నీతో తుడిచాను. చివరికి, ఉప్పుగాలి తగిలి పెన్‌డ్రైవే ఖరాబైనట్టుందని అనేశాను. నాన్న మొహం వాడిపోయింది. అక్కది ఇంకో ఫోటో లేదని చిన్నాన్నతో మెల్లిగా అన్నాడు. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. సిగ్గేసి, దాన్నే మళ్లీ గుచ్చాను.

ఇంతలో అడ్మిన్ వచ్చాడు. విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన మనిషి, ఇక్కడికొచ్చాక అందర్లాగే నన్ను దీదీ అంటాడు. తెర చూసి, "దీదీ, మీకు పర్మిషన్ లేదు కదా. నన్ను పిలవాల్సింది," అన్నాడు. పాస్‌వర్డ్ కొట్టాడు. మేనత్త ఫోటో తెరుచుకుంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాటలో తప్పేం లేదు, అదే ఇంకా మంట. చిన్నాన్న గోడమీది క్యాలెండరు చూడ్డం మొదలుపెట్టాడు.

ప్రింటు వచ్చింది. అన్‌మౌంట్ చేయకుండానే అడ్మిన్ తన సీటుకి వెళ్లిపోయాడు. ఆయన తగిలించినదాన్ని నేను విప్పలేను. మళ్లీ ఆయన్ని పిలవకుండా, ఊరికే మౌస్ కదుపుతూ కూర్చున్నాను. బోటు టైమవుతోంది. నాన్న కాసేపు నన్నే చూశాడు. తర్వాత లేచి అడ్మిన్ దగ్గరికెళ్లి, నేను రోజూ నిలబడే చోటే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బాబూ, జరా వచ్చి అది తీసిపెట్టండి. మా అమ్మికి పర్మిషన్ నేదు."

కోపంగా అని ఉంటే బాగుండేది. ఎంతో మర్యాదగా అన్నాడు.

ఆ వారంలోనే అడ్మిన్ సెట్టింగ్ మార్చాడు. ఇప్పుడు మా పెన్‌డ్రైవ్‌లు మేమే మౌంట్ చేసుకుంటాం, మేమే తీసుకుంటాం. ఆ మాట నాన్నకి ఇంకా చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పను?