పైపొర లెక్క

కాయిళ్లు తయారుచేసే ఆ వర్క్‌షాపులో డిజైనరు చెవి మీది పెన్సిలు దిగిందంటే ఎవరికో మూడిందన్నమాటే. అట్టపెట్టె, గోడ, ఏది దొరికితే దాని మీద లెక్క మొదలుపెడతాడు. ఆరోజు స్టోర్‌కీపరు చూపుడువేలంత లావు రాగి కడ్డీ తెచ్చాడు. డిజైనరు పెన్సిలు దిగింది.

"ఎన్నిసార్లు మొత్తుకోవాలయ్యా! వంద కిలోహెర్ట్జ్ దగ్గర కరెంటు రాగి పైపొరలోనే పోతుంది. మిల్లీమీటరులో ఐదో వంతు, అంతే! లోపలి రాగి అంతా దండగ. సన్న తీగలు పేనింది కావాలి!"

స్టోర్‌కీపరు జేబులోంచి చీటీ తీశాడు. "కడ్డీ తెమ్మని రాసింది మీరే కదండీ."

చీటీ వెనక ఆయన పెన్సిలు లెక్కే ఉంది. కిలో వదిలేసి, ఉత్త వంద హెర్ట్జ్‌కి కట్టాడు. పైపొర లోతు ఆరున్నర మిల్లీమీటర్లు తేలింది; ఆ లెక్కన కడ్డీ అంతా పనికొచ్చేదే. ఆయన పెన్సిలు మళ్లీ చెవి మీద పెట్టుకున్నాడు.

"కిలో ఎగిరిపోయిందని నువ్వైనా చెప్పొద్దటయ్యా!"